మా బైరడు ఆ మాంసం ముట్టలేదు: కొత్త సర్పంచులకు ఒక ఒగ్గు కళాకారుడి బహిరంగ లేఖ

కొత్తగా గెలిచిన సర్పంచ్ అమ్మలకు, అన్నలకు దండాలు.

నేను ఒగ్గు కథ, అంటే డోళ్లు, తాళాలతో బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలు చెప్పుకొని బతికేవాణ్ణి. సిద్దిపేట, జనగామ పక్క పల్లెల్లో బీరప్ప పండుగలకు, ముగ్గులేసి మొక్కే మల్లన్న పట్నాలకు, ఎల్లమ్మ పండుగలకు పిలిస్తే పోతాను. ఒక ఊళ్లో కుక్కలకు విషం పెట్టి చంపిన సంగతి ఇది. ఇందులో నా పేరు రాయడం లేదు, ఆ ఊరి పేరూ రాయడం లేదు. రాస్తే ఇది ఆ ఊరి మీద చాడీ అయిపోతుంది. ఆ ఊరి సర్పంచ్ కూడా ఇది చదవాలని నా కోరిక. చదివి మీలో ఒకడిగా మాట్లాడాలి గాని మొహం చాటేసుకోకూడదు. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో పంచాయతీ ఎలక్షన్లు అయ్యాయి, మీరంతా గెలిచారు. గెలిచినవాళ్ల ఇంటి ముందు డోలు కొట్టినవాళ్లలో మా జట్టు కూడా ఉంది. కాబట్టి మీ మీద కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు.

మా ఇంట్లో మూడు కుక్కలుండేవి. ఇప్పుడు రెండు.

పెద్దోడు బైరడు. పదకొండేళ్లు దాటాయి. మా తమ్ముడి మందలో పుట్టినవాడు. 2017లో సర్కారు మా గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు మా తమ్ముడికీ వచ్చాయి. ఆ జీవాలకు చెవులకు బిళ్లలు వేశారు, ఫొటోలు తీశారు, ఇన్సూరెన్స్ చేశారు. రాత్రిళ్లు వాటి చుట్టూ తిరిగి కాసినవాడి లెక్క మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అడిగితే నవ్వుతారని మేమూ అడగలేదు. ఒక ఎండాకాలం మంద తోలుకొని వలస పోయినప్పుడు చెలకలో మంద పెట్టారు. తెల్లవారుజామున తోడేలు వచ్చింది. మా తమ్ముడు లేచి టార్చి వేసేసరికి గొర్రెలన్నీ ఒక మూలకు ముద్దగా చేరి ఉన్నాయి, బైరడి ఎడమ చెవి సగం లేదు. గొర్రెలు ఒక్కటి కూడా తగ్గలేదు.

తమ్ముడు గొర్రెలు అమ్మేసుకున్నాక వాడికి పని లేకుండా పోయింది. ఒకరోజు మా ట్రాలీ ఆటో వెనక రెండు కిలోమీటర్లు ఉరికొచ్చాడు. ఎక్కించుకున్నాం. అప్పటినుంచి వాడు మా జట్టులో మనిషే. ప్రధాన కథకుణ్ణి నేను, పక్కన మాట అందుకునేవాడొకడు, డోళ్లు, తాళాలు, సన్నాయిలా ఊదే నపీర, కింద బైరడు. వాడి జాగా పెద్ద డోలు పక్కన గొంగడి మీద. చెవి పగిలే చప్పుడులో ఎలా పడుకునేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నపీర ఎత్తుకోగానే మాత్రం మూతి పైకెత్తి ఊళ పెట్టేవాడు. మొదట్లో మా నపీరాయనకు కోపం వచ్చేది. "నా పాటకు శాపనార్థాలు పెడుతున్నడే వీడు" అనేవాడు. కొన్నాళ్లకు జనమే "కుక్క పాట ఎప్పుడొస్తది ఒగ్గాయనా?" అని అడగడం మొదలుపెట్టారు. మేం చెప్పే వరుసలో మల్లన్న గుర్రమెక్కి వేటకు పోయే చోట నపీర గట్టిగా ఊదుతారు. అక్కడ వీడు లేస్తాడు. స్వామి వెంట కుక్కలుంటాయి కదా, వాటిలో ఒకటి లేచినట్టే ఉండేది. ఆడవాళ్లు దండం పెట్టి వాడి నుదుటికి బండారి, అంటే స్వామి పసుపు, రాసేవాళ్లు. మహారాష్ట్రలో జేజూరి ఖండోబా అంటే మన మల్లన్నే అని మా పెద్దలు చెప్పేవాళ్లు. అక్కడి వాఘ్యాలనే భక్తులు మేం స్వామి కుక్కలం అని చెప్పుకుంటారు. మనుషులు కుక్కలమని మొక్కుకునే దేవుడి దగ్గర అసలు కుక్కకు బొట్టు పెడితే తప్పేముంది?

ఇంకో మాట, నవ్వుకోండి. మా చిన్నప్పుడు పేరున్న ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్యగారి కథ అంటే తెల్లారేదాకా జనం కదిలేవాళ్లు కాదు. ఇప్పుడు రాత్రి పదకొండు దాటితే కుర్చీలు ఖాళీ. తెల్లవార్లూ కూర్చునేది కుక్కలే. ప్రతి ఊళ్లో నాలుగైదు వచ్చి బైరడికి కొంత దూరంలో పడుకుంటాయి, బైరడు కొత్తవాడని మొదట గుర్రుమంటాయి, ఎల్లమ్మ కష్టాలు వచ్చేసరికి అన్నీ సర్దుకుంటాయి. మీ ఊరి కుక్కలు నాకు మొహం గుర్తు. సర్పంచుల కంటే ముందే తెలుసు.

రెండోది మోతి. నాలుగేళ్ల కింద కొమురవెల్లి జాతరలో, పట్నం వారం అనే ఆదివారం నాడు, ఆ తొక్కిసలాటలో మా డోలు సంచిలో దూరింది. గుప్పెడంత ఉంది. ఎవరిదో అని సాయంత్రం దాకా చూశాం, ఎవరూ రాలేదు. మూడోది చిటికె. మోతి పిల్లల్లో ఆఖరిది. ఎంత దూరంలో ఉన్నా వేలు చిటికె వేస్తే వచ్చేది, అందుకే ఆ పేరు. మోతికి ఆ ఈత తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. ఇంటావిడ "కుక్కకు కూడా కుటుంబ నియంత్రణనా?" అని వారం రోజులు వెక్కిరించింది.

ఇక బైరడి జబ్బు సంగతి. దీపావళి దాటిన వారానికి ఒక రాత్రి వాడు తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. పొద్దున చూస్తే నా బండారి సంచి మీద, ఆ పసుపు గుడ్డ మీద, ఎర్రటి చుక్కలు. ముక్కులో ముల్లు ఇరిగిందేమో అనుకున్నాను. రెండ్రోజులకు ముక్కు నుంచి రక్తం కారుతూనే ఉంది, బువ్వ వాసన చూసి మొహం తిప్పుకుంటున్నాడు. టౌన్‌కు తీసుకుపోతే డాక్టరమ్మ వాడి పెదవి పైకెత్తి చూపించింది. చిగురు ఎర్రగా ఉండాలి కదా, ఉతికిన పంచెలా తెల్లగా ఉంది. గోమార్ల నుంచి వచ్చే జ్వరం అని చెప్పింది. గోమార్లంటే కొన్నిచోట్ల పిడుదులు అంటారు, చెవుల్లో, వేళ్ల సందుల్లో పట్టుకొని ఉంటాయే, అవి. ఎన్నేళ్లుగా లోపల ఉందో, ఇప్పుడు బయటపడింది. డెంగీ వస్తే మనకు ప్లేట్‌లెట్లు పడిపోతాయి చూడండి, వీడికీ అవే పడిపోయాయి. కుక్కకు రెండు లక్షల పైన ఉండాలట, వీడికి ముప్పైవేలు కూడా లేవు. 28 రోజులు విడవకుండా మాత్రలు వేయాలి.

మాత్ర వేయడం ఒక పెద్ద కథ. రొట్టెలో పెడితే రొట్టె తిని మాత్ర ఊసేస్తాడు. బెల్లంలో పెడితే నాకి వదిలేస్తాడు. చివరికి మేక కార్జం ముక్కకు గాటు పెట్టి, లోపల మాత్ర తోసి, ముందు ఉత్త ముక్క ఒకటి చూపించి, అది మింగేలోగా రెండోది అందించాలి. ఆ ఆశకు మింగుతాడు. డాక్టరు ఫీజు, రక్తపరీక్ష, మందులు కలిపితే ఒక రాత్రి కథ డబ్బులు పోయాయి. పోనీ. మా జట్టులో వాళ్లే తలా కొంత వేశారు. నపీరాయన అందరికంటే ఎక్కువ వేశాడు.

కొంచెం తేరుకున్నాడు గాని మునుపటి మనిషి కాడు. నడుస్తూ నడుస్తూ కూర్చుండిపోతాడు. ఊళ పెట్టడానికి మూతి ఎత్తుతాడు, గొంతు రాదు.

సంక్రాంతి దాటాక ఒక ఊళ్లో బీరప్ప కథ ఒప్పుకున్నాం. మూడు రాత్రులు. రెండో రాత్రి కథ అయిపోయి తెల్లవారుజామున పడుకున్నాం. బైరడు నా కాళ్ల దగ్గర, మోతి ఆటో చక్రానికి కట్టేసి ఉంది. చిటికె పిల్లది కదా, కట్టేయలేదు. పొద్దు పొడవక ముందే ఎవరో బకెట్టు పట్టుకొని వీధుల వెంట పోయారు. గుడి అరుగు పక్కన కూడా రెండు మూడు చోట్ల కోడి ముక్కలు వేశారు. నాకు మెలకువ వచ్చేసరికి ఒక ముక్క బైరడి మూతికి జానెడు దూరంలో ఉంది. వాడు దాన్ని చూశాడు, మొహం తిప్పుకున్నాడు. జబ్బుతో తిండి సయించక వదిలేశాడు. ఆ జబ్బే లేకుంటే ఆ పొద్దున వాడూ పోయేవాడు.

చిటికె తినేసింది. బడి గోడ పక్కన దొరికింది. కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయి కొట్టుకుంటోంది, నోట్లో నురగ. నేను చిటికె వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు. తోక ఒకసారి కదిలింది. ఆటోలో వేసుకొని టౌన్‌కు బయలుదేరాం, ఊరి పొలిమేర దాటలేదు. అదే దారిలో ఒక రైతు తన పొలం గట్టున జాగా చూపించాడు, ఆయనే గడ్డపార తెచ్చి తవ్వాడు. ఒక్క మాట మాట్లాడలేదు ఆయన. తిరిగి వస్తుంటే ట్రాక్టర్ ఎదురైంది. ట్రాలీలో పైన సంచులు కప్పి ఉన్నాయి, కింద నుంచి కాళ్లు కనిపిస్తున్నాయి. తెల్ల కాలు, గోధుమరంగు కాలు. రాత్రి నా కథ విన్నవాటిని అలా గుర్తుపట్టాను.

సర్పంచ్ వచ్చాడు. చిన్న వయసు పిల్లగాడు. "మీ కుక్క అని తెల్వదు కాకా" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఎలక్షన్లో కుక్కల బెడద లేకుండా చేస్తానని మాటిచ్చాడట. నేను ఏదో అనబోతుంటే నన్ను ఒక ఇంటికి తీసుకుపోయాడు. ఏడేళ్ల పాప మంచం మీద ఉంది. కుక్క కరిచి పిక్క కండ ఊడింది, కట్టు విప్పి చూపించారు. సూదులు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. ఆ పాపకు సూది అంటే భయం, నన్ను చూసి డాక్టర్ననుకొని గోడకు తిరిగింది.

ఆ కాలు చూశాక నాకు నోరు రాలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన వీడియో నేనూ చూశాను, రెండు రోజులు బైరడిని ముట్టుకోలేకపోయాను. కాబట్టి మీరు చెడ్డవాళ్లు, నేను మంచివాణ్ణి అని రాయడానికి రాలేదు. ఇది ఆ ఒక్క ఊరి సంగతీ కాదు. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి పక్క కూడా ఇలాగే కుక్కల్ని చంపారని, సర్పంచుల మీద కేసులయ్యాయని పేపర్లో వచ్చింది.

కథ సగంలో ఆపితే కీడు అంటారు. అందుకని పదిహేను రోజుల తర్వాత అదే ఊరికి మిగిలిన రాత్రి కథ చెప్పడానికి పోయాం. బీరప్పకు, కామరాతికి లగ్గం చేసి కథ ముగించాలి. సాయంత్రం చికెన్ సెంటర్ వెనక్కి పోయి చూశాను. ఈకలు, పేగులు, తలకాయలు గుట్ట పోసి ఉన్నాయి. వాటి మీద ఆరు కుక్కలు. ఒక్కటీ నాకు తెలిసిన మొహం కాదు. పక్క ఊళ్ల నుంచి వచ్చినవి. మందలో తిరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు: ఒక వాడ కుక్కలు ఆ వాడలోకి పరాయి కుక్కను రానివ్వవు. వాటిని తీసేస్తే జాగా ఖాళీ, తిండి అక్కడే ఉంది, ఇంకోటి వస్తుంది. పాత కుక్కలకు కనీసం పిల్లలు తెలుసు, పేర్లు పెట్టి పిలిచేవాళ్లున్నారు. ఈ ఆరు నన్ను చూసి పళ్లు బయటపెట్టాయి. వీటికి పిచ్చికుక్క రోగం సూది పడిందా లేదా ఎవరికి తెలుసు? సర్పంచ్ నా పక్కనే ఉన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి ఏం చెయ్యాలె కాకా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. డాక్టరమ్మను, ఒక వకీలు సార్‌ను అడిగి తెలుసుకున్నాను. అదే మీకు చెప్తున్నాను.

వకీలు సార్ మాట పొట్టిగా చెప్తాను. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువుకు విషం పెట్టి చంపితే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. కుక్కల సంఖ్య తగ్గించడానికి 2023లో కేంద్రం రూల్స్ పెట్టింది: పట్టుకొని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ సూది వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2025లో ఢిల్లీ కుక్కలన్నింటినీ షెల్టర్లలో పెట్టమని సుప్రీంకోర్టు మొదట చెప్పినా, ఆగస్టు 22న దాన్ని మార్చి, పిచ్చి పట్టినవాటిని, మీదపడి కరిచేవాటిని తప్ప మిగతావాటిని ఆపరేషన్, సూది అయ్యాక వదిలేయమంది. నవంబర్ 7న బడులు, దవాఖానాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి కుక్కల్ని తీసేసి షెల్టర్లకు పంపమంది. విషం పెట్టమని ఎక్కడా అనలేదు.

ఆపరేషన్ సెంటర్లు పట్నాల్లో ఉంటాయి, పంచాయతీ దగ్గర అంత పైసలు ఉండవు, నాకు తెలుసు. దానికి మండలం మొత్తం కలిసి జిల్లా వాళ్లను అడగాల్సిందే, ఒక్క ఊరు అడిగితే పని కాదు. మీరు సర్పంచులంతా ఒక్కటై అడిగితే మాట విలువ వేరు. కానీ సూది వేయించడం ఈ నెలలోనే అవుతుంది. డాక్టరమ్మ నాకు చిన్న సీసా చూపించింది, బొటనవేలంత. అందులో పది కుక్కలకు మందు. ఊళ్లో పది కుక్కలుంటే ఏడింటికి సూది పడినా ఆ రోగం ఊళ్లో పాకడం ఆగిపోతుందట. ఏటా జూలై 6న పశువుల దవాఖానాల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు. ఆ రోజు ఎంతమంది పోతున్నారు? నేనే మొదటి ఐదేళ్లు పోలేదు, తెలియక. ఊరి కుక్కకు ఎవరూ తాడు కట్టి తీసుకుపోరు. కాబట్టి డాక్టరునే వాడకు పిలిపించండి. రోజూ బువ్వ పెట్టే ముసలమ్మ ప్రతి వాడలో ఒకరుంటారు, ఆమె పిలిస్తేనే ఆ కుక్క వస్తుంది. సూది పడినదానికి వీపు మీద ఎర్రరంగు పూయండి, గొర్రెలకు మేం పూస్తామే అలాగ.

చికెన్ సెంటర్ వాళ్లతో కూడా గట్టిగా మాట్లాడండి. గొయ్యి తీసి పూడ్చమనండి. ఇది మాత్రం నేను చెప్తే వినరు, మీరు చెప్తే వింటారు.

కుక్క కరిస్తే సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద పావుగంట కడగాలి, వెంటనే దవాఖానాకు పోవాలి. సున్నం, పసుపు, కారం పూసి ఇంట్లో కూర్చోబెట్టొద్దు. ఆ రోగం బయటపడ్డాక బతికించే మందు లేదు. ఈ సంగతిని నేను ఈ మధ్య కథ నడుమ చెప్పడం మొదలుపెట్టాను. ఎల్లమ్మ కథలో దీనికి చోటెక్కడిదని మా పక్కవాద్యం అతను గొణిగాడు. చోటు నేను చేసుకున్నాను.

ఇప్పుడు నా తరఫు మాట. ఏ ఊరైనా కుక్కలకు సూది వేయించే రోజు పెట్టుకుంటే, దానికి ముందు రాత్రి మేం వచ్చి ఉత్తగనే కథ చెప్తాం. డోలు చప్పుడుకు జనం వస్తారు, జనం వెనక కుక్కలు వస్తాయి, అవి ఎక్కడికీ పోకుండా తెల్లారేదాకా అక్కడే పడుకుంటాయి, ముందే చెప్పాను కదా. పొద్దున డాక్టరుకు వెతుక్కునే పని ఉండదు. పైసలు వద్దు. ఆటోకు డీజిల్ పోయించండి, ఐదుగురికి బువ్వ పెట్టండి. ఉగాది దాకా ఆదివారాలు మేం కొమురవెల్లిలో ఉంటాం, మిగతా ఏ రోజైనా సరే. చిటికె పోయిన ఊరి సర్పంచ్, మొదటి రాత్రి కథ తన ఊళ్లోనేనని నిన్న ఫోన్ చేశాడు. బుధవారం ఒప్పుకున్నాను.

బైరడిని కూడా తీసుకొస్తాను, ఇంట్లో వదిలేస్తే తినడు. మళ్లీ 28 రోజుల మాత్రలు రాశారు, ఈ రోజుతో పందొమ్మిది అయ్యాయి. రాత్రి ఎనిమిదికి మాత్ర టైం. ఆ టైంకు మీ ఊళ్లో ఎవరైనా కార్జం ముక్కలు రెండు తెచ్చిపెడితే చాలు. ఒకటి గాటు పెట్టనిది, ఒకటి పెట్టింది.

ఇట్లు,
బైరడు, మోతిల ఇంటి ఒగ్గు కళాకారుడు